భూమవ్వ వాకిట్లో బతికిన ధవళుడు

పుస్తకం తెరిచే ముందు భాగ్యలక్ష్మి దాన్ని కళ్లకు అద్దుకుంటుంది. అదేమీ దేవుడి పుస్తకం కాదు. కత్తులు, రెక్కల గుర్రాలు, మంచు కోటలు ఉన్న కథ. పేరు ‘అగ్నిగడప’. ఏళ్ల తరబడి భాగం వెనుక భాగం వస్తూనే ఉంది, ఇంకా ముగియలేదు. అయినా అక్షరాన్ని ఊరికే తెరవకూడదని ఊరి బడిలో పంతులు నేర్పిన మర్యాద ఆమెను వదలలేదు.

బోధన్ దగ్గరి ఆ ఊళ్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆడవాళ్లు బీడీల చాటలు పట్టుకుని భూమవ్వ వాకిట్లో చేరతారు. భాగ్యలక్ష్మి చదువుతుంది, మిగతావాళ్లు తునికాకు చుడుతూ వింటారు. చదివే మనిషికి రెండు చేతులూ పుస్తకానికే సరిపోతాయి. అందుకని లేచే ముందు ప్రతి ఒక్కరూ తమ చాటలోంచి పిడికెడు బీడీలు తీసి ఆమె చాటలో వేస్తారు. ఎవరూ అడగరు, ఎవరూ గుర్తు చేయరు. భూమవ్వ పిడికిలి మాత్రం మిగతావాళ్లకంటే ఎప్పుడూ కాస్త పెద్దదే. ఆమెకు చూపు మసకబారి ఆకు కత్తిరించడం మానేసింది గానీ, చుట్టడం వేళ్లకే వచ్చు.

పుస్తకాలు ఉదయలక్ష్మి గారివి. వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకుంటున్నవాళ్లు. తాను చదవడం కాగానే కొత్త అట్ట వేసి మరీ పంపిస్తుంది. బీడీల చేతులు కదా, మాసిపోతాయని కాదు, మాసినా మీకు మొహమాటం ఉండొద్దని అంటుంది.

కథలో ఎంతమంది రాజులున్నా భూమవ్వకు కావలసినవాడు ఒక్కడే, ధవళుడు. పడవ నడిపేవాడి కొడుకు. రాజుల కొట్లాటలో చిక్కుకుని దేశాలు పట్టి తిరుగుతుంటాడు. ఎక్కడ అన్నం దొరికినా మొదటి ముద్ద తీసి, ఇంటి దగ్గరున్న తల్లి పేరు తలచుకుని పక్కన పెట్టి, ఆ తర్వాతే తాను తింటాడు. “మన దవళు ఇయ్యాల తిన్నడా?” అని అడిగితేగాని భూమవ్వ మొదటి బీడీకి దారం చుట్టదు.

ఐదో భాగంలో ధవళుడిని చంపేశారు. కోట గుమ్మంలో నిలబెట్టి తల నరికారు. ఆ పుట వచ్చిన నాటికి భూమవ్వ చిన్న కొడుకు రంజిత్ చెరకు ట్రాక్టరు బోల్తాపడి పోయి ఎంతో కాలం కాలేదు. కందకుర్తి సంగమంలో అస్థికలు కలిపి వచ్చాక భూమవ్వ మళ్లీ చాట పట్టుకున్నది ఆ మధ్యాహ్నమే. “సదువు బిడ్డా, దవళు ఏడికొచ్చిండు?” అంది. భాగ్యలక్ష్మి కళ్లు ఆ గుమ్మం మీదే ఉన్నాయి. నోరు మాత్రం వేరే మాట పలికింది.

“గుమ్మం దాటిండు అవ్వా. నది ఒడ్డుకు చేరిండు.”

అప్పటినుంచి ఆ వాకిట్లో ధవళుడు బతికే ఉన్నాడు. ఒక భాగంలో చిల్లుపడ్డ పడవ బాగుచేసుకున్నాడు. ఇంకో భాగంలో జ్వరం వచ్చి ఎవరో ముసలామె గంజి పోసింది. పుస్తకంలో లేని ఆ నాలుగు మాటలూ చదివేటప్పుడు భాగ్యలక్ష్మి గొంతు కాస్త తగ్గేది. రోజూ దీపం పెట్టేటప్పుడు తప్పు కాయమని దేవుడికి చెప్పుకునేది.

ఇలా నడుస్తుండగా, నిజామాబాద్‌లో ‘అగ్నిగడప’ అభిమానులు కలుసుకుంటున్నారని ఉదయలక్ష్మి గారు కబురు చేసింది. భూమవ్వ పట్టుబట్టింది.

“మన దవళు గురించి పదిమంది మాట్లాడుతుంటే ఒక్కపారి ఇంటనే. నన్ను దోల్కపో.”

“గంత దూరం బస్సుల నీకు కష్టమైతది అవ్వా.”

“నువ్వు పక్కన ఉంటవ్ గద. ఇంకేం కష్టం?”

బస్సులో కండక్టరు లేచి తన సీటు అవ్వకు ఇచ్చాడు. ఆ మంచితనం కూడా ఆ పూట భాగ్యలక్ష్మికి గుండెమీద బరువుగానే తోచింది. అక్కడ ఎవరో ఒకరు ధవళుడు చనిపోయాడని అంటారు. కొడుకు పోయిన తల్లి రెండోసారి ఆ మాట వింటుంది. దారి పొడుగునా ఇదే ఆలోచన.

ట్యూషన్ సెంటర్ మీది అంతస్తులో గది. కుర్రవాళ్లు, అమ్మాయిలు నల్ల బట్టల్లో, అట్టముక్కల కిరీటాలతో ఉన్నారు. భాగ్యలక్ష్మి ముందుగా ఆ సభ పెట్టిన శ్రావణ్‌ను మెట్ల దగ్గరకు పిలిచి బతిమాలింది.

“తమ్మీ, ధవళుడు పోయిన ముచ్చట జర తియ్యకుర్రి. అవ్వకు ఎరుక లేదు.”

“అక్కా, ఇయ్యాల పోగ్రామే గది,” అన్నాడతను. చెడ్డవాడు కాడు, చేతిలోని కుర్చీ అవ్వ కోసమే తెస్తున్నాడు. “ఏ చావు మస్తుగుందో ఓట్లు పెట్టినం. ధవళుడే ఫస్టొస్తడు సూడు.”

భాగ్యలక్ష్మి అవ్వను లేవదీసి తీసుకుపోదామని వెనక్కి వచ్చేసరికే మాటలు మొదలయ్యాయి. మెడ ఎట్లా తెగిందో ఒకడు చెయ్యి ఊపి చూపించాడు. కాదు, రెండు దెబ్బలు పడ్డాయని ఇంకొకడు పుట తీసి చదివాడు. కళ్లు తెరిచే ఉన్నాయా, మూసుకున్నాయా అని ఒక అమ్మాయి వాదన. “మొదటి ముద్ద అమ్మకు, ఆఖరి ముద్ద కుక్కలకు” అని వెనకనుంచి ఎవరో అంటే గది గదంతా నవ్వింది. కథ రాసిన పెద్దాయనకు ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదట. “ముసలాయన పోయేలోపు ఆఖరి భాగం రాస్తాడా, లేదా, పందెం” అన్నాడు శ్రావణే. దానికీ నవ్వారు. బతికున్న మనిషి చావును నోట్లో వేసుకుని నములుతున్నారే అనిపించింది భాగ్యలక్ష్మికి. ఆ గదిలో గాలి పీల్చడానికే రోతపుట్టింది.

భూమవ్వ పేర్లు సరిగా పట్టుకోలేకపోతోంది. గోల ఎక్కువ, మాట వేగం. “ఎవని మెడ బిడ్డా?” అని అడిగింది. భాగ్యలక్ష్మి ఆమె భుజం పట్టుకుని లేవదీయబోయింది.

అంతలో చప్పట్లు మోగాయి. ఏదో కోశారు. సాయిప్రసాద్ అనే అబ్బాయి కాగితపు ప్లేటులో ముక్క పెట్టుకుని నేరుగా అవ్వ దగ్గరకే వచ్చాడు. గదిలో పెద్దామెకు ముందు పెట్టాలని అతనికే తోచింది.

“మామ్మగారూ, గుడ్డు వెయ్యని కేకండీ. మెత్తగా ఉంది, నమలక్కర్లేదు.”

అవ్వ నోట్లో పెట్టుకుంది. “తియ్యగున్నది అయ్యా. ఏం పండుగ?”

“ధవళుడి తలండి. మీకు చెవి దగ్గర ముక్క తెచ్చాను, ఎర్ర జామ్ లేకుండా.”

భాగ్యలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టేలోపే ఆ మాట బయటికి వచ్చేసింది. బల్లమీద మిగిలిన తల ఆమెకు కనబడుతూనే ఉంది. నల్ల క్రీము జుట్టు, తెరిచిన కన్ను, మెడ దగ్గర కారుతున్న జామ్. ఒక కుర్రాడు వేలితో ఆ జామ్ తీసి నాకుతున్నాడు.

భూమవ్వ నోట్లోది కొంగులోకి ఊసింది. కొళాయి ఎక్కడని అడిగింది. సాయిప్రసాదే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చెంబుతో నీళ్లు పోశాడు. ఆమె పుక్కిలించింది, ఊసింది, మళ్లీ పుక్కిలించింది. వేలితో నాలుక గీరుకుంది. చెంబు ఖాళీ అయినా ఆమెకు నోరు ఇంకా కడిగినట్టు అనిపించలేదు.

“పడలేదాండీ? ఏమైంది?” అబ్బాయి గాబరాపడ్డాడు.

“నువ్వు మంచిగనే పెట్టినవ్ బిడ్డా. నువ్వు ముందుగాల ఎవరికి పెట్టినవ్? నాకే గద. వాడు గూడ గట్లనే పెట్టేటోడు, వాళ్ల అవ్వకు.” ఆమె మొహం తుడుచుకుంది. “గసోంటోని తల కోసుకుని ఎట్ల తినబుద్ధయింది అయ్యా మీకు?”

అతను చేతిలోని ప్లేటు కింద పెట్టేశాడు. మళ్లీ ముట్టుకోలేదు.

బస్టాండులో బల్లమీద కూర్చున్నాక అవ్వ అడిగింది.

“దవళు సచ్చిండా?”

భాగ్యలక్ష్మికి ఇక అబద్ధం రాలేదు. “వాళ్ల పుస్తకంల సచ్చిండు అవ్వా. అచ్చేసింది గూడ గదే. రంజిత్ పోయిన దినాలు గవి. నాకు నోరు రాలేదు. నువ్వు ఇన్నదంత నేను కలిపిందే.”

“గంజి పోసిన ముసలామె?”

“నేనే కలిపిన.”

భూమవ్వ చాలాసేపు కొంగు కొస వేళ్ల మధ్య చుడుతూ కూర్చుంది, బీడీ చుట్టినట్టే. బోధన్ బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. భాగ్యలక్ష్మి లేచి చెయ్యి అందించింది. పట్టుకుంటుందో లేదో తెలియదు. అవ్వ పట్టుకుంది.

మరునాడు చాటలు చేరాయి. నిజామాబాద్‌లో ఏం చెప్పారని అందరూ అడిగారు. “ఏం జెప్తరు, రోత మాటలు. తినే తిండి గూడ రోతే,” అంది భూమవ్వ. ఇంకేం అడగనివ్వలేదు.

భాగ్యలక్ష్మి పుస్తకం కళ్లకు అద్దుకుని తెరిచింది. ఏం చదవాలో తోచక ఆగిపోయింది. లోపల అచ్చయిన కథ ఉంది. ఎదురుగా అన్నీ తెలిసిన మనిషి ఉంది.

లేచే వేళ వేయవలసిన బీడీలను భూమవ్వ పొద్దున చుట్టినవాటిలోంచి ముందుగానే ఆమె చాటలో పోసింది. ఒక పిడికిలి కాదు, రెండు.

“దవళు ఇయ్యాల తిన్నడా?” అంది.

“ఇప్పుడే కూసున్నడు అవ్వా,” అంది భాగ్యలక్ష్మి. ఈసారి గొంతు తగ్గించలేదు. “మొదటి ముద్ద తీసి పక్కకు పెట్టిండు.”