వెళ్ళొస్తా బాబాయిగారు

బాబాయిగారు ఎక్కడికి వెళ్ళినా వెళ్ళిన దారినే తిరిగి వస్తారు. ఇందులో వింతేముంది, అందరూ అంతే కదా అనుకుంటే ఆయన సంగతి మీకు తెలియదన్నమాట. పొద్దున ఇంట్లోంచి మందుల షాపుకు, అక్కణ్ణించి చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు, అక్కణ్ణించి ఆఫీసుకు వచ్చారనుకోండి. సాయంత్రం ఆఫీసు నుంచి చెప్పులు కుట్టే ఆయన దగ్గరకు, అక్కణ్ణించి మందుల షాపుకు వెళ్ళి, ఆ తర్వాతే ఇల్లు చేరతారు. ఏం కావాలండీ అని మందులాయన అడిగితే, "ఏమీ వద్దండి, పొద్దున ఇటే వెళ్ళాను" అని గంభీరంగా చెప్పి కదులుతారు.

ఆయన్ని కట్టుకున్న పాపానికి పిన్నిగారు కూడా ఊరంతా రెండేసి సార్లు చూశారు. ఒకసారి చుట్టాల పెళ్ళికి వెళుతూ దారిలో పెదనాన్నగారిని పలకరించారట. పెళ్ళి చూసుకుని వస్తూ మళ్ళీ ఆ ఇంటికే తీసుకెళ్ళారు. వీళ్ళేదో మర్చిపోయి వచ్చారనుకుని ఆ పెద్దాయన పాపం మంచం కింద కూడా వెతికాడు. "ఏమీ పోలేదని చెప్పొచ్చు కదమ్మా, ఈయన కూడా వంగి వెతకడం మొదలెట్టారు" అని పిన్నిగారు ఓసారి ఆఫీసుకొచ్చినప్పుడు అందరి దగ్గరా మొరపెట్టుకున్నారు.

ఉద్యోగం కూడా ఆయనకు తగ్గట్టే దొరికింది. ఫోన్ యాప్‌లు రాసే ఆఫీసులో, ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు దారులు వేసే పని. స్క్రీన్లంటే ఒకదాని మీద ఒకటి పెట్టిన పళ్ళేలనీ, పైది తీస్తే కిందది కనబడాలి తప్ప బల్ల కనబడకూడదనీ ఆయన సిద్ధాంతం. గడప దాటే మనిషి "వెళ్తాను" అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు, "వెళ్ళొస్తాను" అనిపించేదాకా కదలనివ్వరు. యాప్‌కూ ఆ మర్యాద ఉండాలనేవారు. వెనక్కి దారిలేని స్క్రీన్ ఎవరైనా రాస్తే వాళ్ళ కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడి, ముందు నుయ్యి వెనక గొయ్యి అన్న సామెత దీన్ని చూసే పుట్టి ఉంటుందని నిట్టూర్చేవారు. అలా ఆయనకు వెళ్ళొస్తా బాబాయిగారని పేరు పడిపోయింది.

ఆయనకు బొత్తిగా గిట్టని మాట "తీసెయ్యి". లిస్టులో పేర్లు తీసేసే బటన్ గురించి జట్టు లీడరమ్మాయితో ఒక పూటంతా వాదించారు.

"తీసేశాక మళ్ళీ కావాలంటేనో?"

"ఎందుకు కావాలంటారు బాబాయిగారూ, వద్దనే కదా తీసేది?"

"అక్కడున్నది మనిషి పేరు కదమ్మా."

ఆ అమ్మాయి ఆ స్క్రీన్ ఆయనకివ్వకుండా తనే రాసుకుంది.

నిజానికి ఆయనతో ఆమెకు తల ప్రాణం తోకకొచ్చేది. వాళ్ళది నలుగురున్న జట్టు. ఇళ్ళకు వెళ్ళి రోగులను చూసుకునే నర్సుల కోసం యాప్ రాస్తున్నారు. ఏ రోజు ఎవరింటికి వెళ్ళాలో చెప్పే లిస్టు అందులో ఉంటుంది. మిగతావాళ్ళు రోజుకో స్క్రీన్ ముగిస్తుంటే బాబాయిగారికి నాలుగు రోజులు పట్టేది. గడువు దాటి రెండు నెలలైంది. బుధవారం మేనేజర్ ఆమెను పిలిచి, శుక్రవారం పెద్ద నర్సమ్మ యాప్ చూడడానికి వస్తారనీ, ఆ సాయంత్రానికి జట్టు లిస్టులో మూడు పేర్లే ఉండాలనీ చెప్పాడు. ఏ పేరు తీయాలో ఆమెనే తేల్చుకోమన్నాడు.

ఆ లిస్టు ఆఫీసులో అందరికీ కనబడే పేజీయే. గురువారం మధ్యాహ్నం ఆమె దాన్ని తెరిచి, చాలాసేపు చూసి, మూడో పేరు, బాబాయిగారిది, తీసేసింది. ఆయనకింకా నాలుగేళ్ళ ఉద్యోగం ఉందనీ, ఆ వయసులో ఇంకెవరూ పిలిచి పనివ్వరనీ ఆమెకు తెలుసు. తెలిసే తీసింది. ఆ సాయంత్రం బాబాయిగారు మూడుసార్లు ఆమె సీటు దగ్గరికొస్తే, మూడుసార్లూ ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నట్టు నటించింది. ఆయన మూడుసార్లూ బల్లల మధ్య నుంచి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళారు.

శుక్రవారం పెద్ద నర్సమ్మ తమ అసలు లిస్టునే యాప్‌లో పెట్టించి కూర్చున్నారు. ఇద్దరికి నయమైంది కాబట్టి రెండో పేరు, ఐదో పేరు టిక్కు పెట్టి, తీసేసే బటన్ నొక్కారు. రెండు పేర్లు పోయాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూశారు.

"నయమైన ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆరో ఆయన ఏడీ? రోజూ మధ్యాహ్నం ఇంజెక్షన్ ఇవ్వాల్సిన మనిషి. లిస్టులో పేరు లేకపోతే మావాళ్ళు వెళ్ళరు. మేం వెళ్ళకపోతే ఆ తలుపు తట్టేవాళ్ళే లేరు."

లీడరమ్మాయికి ఏం జరిగిందో ఆ క్షణమే తెలిసిపోయింది. రెండో పేరు తీయగానే కిందివాళ్ళంతా ఒక్కో మెట్టు పైకి జరిగారు. ఆరో ఆయన వచ్చి ఐదో చోట నిలబడ్డాడు. ఐదో చోటు ఖాళీ చెయ్యమన్న ఆజ్ఞ ఆయనకు తగిలింది. కింద నుంచి పైకి తీసుకుంటూ రావాలని ఈ విద్యలో మొదటి నెలలోనే నేర్పుతారు. మేనేజర్ మొహం కందగడ్డ అయింది.

గోడవార కుర్చీలోంచి బాబాయిగారు లేచారు. "ఒక్కసారి వెనక్కి రండమ్మా" అన్నారు. ఆవిడ వెనక్కి బటన్ నొక్కారు. అక్కడ, స్క్రీన్ అడుగున, లీడరమ్మాయి ఎన్నడూ రాయని ఒక పట్టీ కనబడింది. "తీసిన పేర్లు రెండు. మళ్ళీ తెచ్చుకుంటారా?" అని ఉంది. ఆవిడ అవునన్నారు. ఆరో ఆయన వచ్చి లిస్టు చివర్న కాకుండా తన ఆరో చోట్లోనే కూర్చున్నాడు. పెద్ద నర్సమ్మ ఆ పేరు వంక కాసేపు చూసి, ఈ పట్టీ ప్రతి స్క్రీన్ మీదా ఉంటుందంటే యాప్ తీసుకుంటామన్నారు.

ఆవిడ వెళ్ళాక లీడరమ్మాయి కూర్చుని పని చరిత్ర అంతా తిరగేసింది. ఏ వరస ఎవరు, ఎప్పుడు రాశారో అందులో ఉంటుంది. బాబాయిగారు తన స్క్రీన్‌కు వాడుకున్నది ఒక్కరోజే. మిగతా మూడు రోజులూ తక్కిన ముగ్గురి స్క్రీన్లకూ ఒక్కొక్కటిగా వెనక్కి వచ్చే దారులు వేసుకుంటూ పోయారు. ఎవరు మర్చిపోయారో ఎక్కడా రాయలేదు. ఆ పట్టీ మాత్రం గురువారం సాయంత్రం ఆరింటికి కట్టారు.

ఆమె నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్ళి, తప్పు తనదేననీ, ఒక పేరు పోవలసిందేనంటే తన పేరే తీయమనీ చెప్పింది. ఆయన కాస్త ఆలోచించి, ప్రతి స్క్రీన్‌కూ పట్టీ కట్టాలంటే నలుగురూ కావాలన్నాడు. ఆమె అక్కడే నిలబడి పేరు మళ్ళీ చేర్చింది.

బయటికొచ్చేసరికి బాబాయిగారు బల్ల సర్దుకుని, సంచి భుజాన వేసుకుని ఉన్నారు. "వెళ్తానమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట అంతకుముందు ఎవరూ వినలేదు.

"మీ పేరు తీసింది నేనే బాబాయిగారూ."

"తెలుసమ్మా. నిన్న ఐదింటికి చూశాను."

"మరి ఆరింటికి కూర్చుని నా లిస్టు బాగుచేశారేం?"

"అది మీ లిస్టేమిటి, ఆరో ఆయనది కదా. పేర్లు కింద నుంచి తీయాలని చెబుదామనే వచ్చాను. మీరు ఫోన్లో ఉన్నారు."

ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. తల వంచుకునే, మేనేజర్‌తో మాట్లాడాననీ, పేరు మళ్ళీ చేర్చాననీ చెప్పింది.

బాబాయిగారు సంతోషించలేదు. కళ్ళు చిన్నవి చేసి, "ఎక్కడ చేర్చారు?" అన్నారు.

"మొదట్లోనండి. నా పేరుకు పైన."

"అది నా చోటు కాదు కదమ్మా. నాది మూడోది. నన్ను పైకెక్కిస్తే ముందున్న మీరిద్దరూ ఊరికే కిందికి జరగాల్సొస్తుంది."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఫోన్ తెరిచి, ఆయన్ని జాగ్రత్తగా మూడో చోటికి దింపింది. బాబాయిగారు వంగి పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి నాలుగు పేర్లూ సరిచూశారు. అప్పుడు సంచిలోంచి టీ కప్పు తీసి, తుడిచి బల్ల మీద పెట్టుకున్నారు.