కమలవ్వ అల్లిన వల

దేవయ్యది జగిత్యాల దగ్గరి పల్లె. తాతల కాలం నుంచి చెరువులో చేపలు పట్టే ఇల్లు. పదకొండేళ్లుగా మస్కట్‌లో కట్టడాల పని, ఘాలాలో కంపెనీ రూమ్. శుక్రవారం డ్యూటీ ఉండదు. ఆ ఒక్క పూటయినా తను పట్టిన చేప తినాలని ఆయన ఆశ.

పోయిన సెలవుకు ఇంటికి వెళ్లేసరికి భార్య కమలవ్వ విసురువల అల్లి ఉంచింది. పగలంతా బీడీలు చుట్టి, ఆ వేళ్లతోనే నాలుగు నెలలు అల్లిందట. ఈ మాట నాకు చెప్పేటప్పుడు దేవయ్య తన వేళ్లు చూసుకుంటాడు.

తిరిగొచ్చాక రెండో శుక్రవారం వలతో అజైబా తీరానికి నడిచి వెళ్లాడు. ఆరు చిన్న చేపలు పడ్డాయి. చెరువు దగ్గర చేసినట్టే వలను నీటి అంచున ఆరబెట్టి, కొసకు రాయి పెట్టి, చేపల సంచితో దూరంగా చెట్టు నీడలో నడుం వాల్చాడు. వారమంతా సైట్‌లో నిలబడ్డ ఒళ్లు, నిద్ర పట్టేసింది. చెరువు నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. సముద్రం పైకొస్తుందని ఆయనకు తెలియక కాదు, ఆ వేళకు తట్టలేదు. లేచేసరికి వల లేదు. నీళ్లలో దిగి కాళ్లతో తడుముతూ చాలాసేపు వెతికాడట.

రూమ్‌లో గణపతి వంట చేస్తున్నాడు. అతనిదీ జగిత్యాల వైపే. సంగతి విని నవ్వాడు.

"ఏం కాకా, ఆరు చేపలకు వల ఇచ్చొచ్చినవా? సముద్రం మంచి బేరం గొట్టింది!"

దేవయ్య నవ్వలేదు. "కమలకు ఏం జెప్పాల్రా?"

"తెగిందని చెప్పు."

"తెగే వల గాదురా అది."

అంతలోనే ఆమె ఫోన్. "ఏమయ్యా, ఏం పడ్డయ్?"

దేవయ్య ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఎతుక్కుంట నీళ్లల్ల దిగినవా?"

"దిగిన."

"ఎంత లోతుకు?"

"మెడదాక."

"నీకేమన్న బుద్ధున్నదా? వలంటే మల్ల అల్లుత. నిన్ను యాడికెల్లి తేవాలె? కొత్తది అల్లుత గని, అక్కడికి పంప. నువ్వే వచ్చి మన చెర్వుల ఎయ్యి. అప్పటిదాక కొనుక్కొని తిను."

ఆరు చేపల కూర ఎలా కుదిరిందని అడిగాను. "ఉప్పెక్కువైంది" అన్నాడు.

ఇప్పుడు శుక్రవారాలు మార్కెట్‌కు వెళ్తున్నాడు. ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసి, కన్ను చూసి, అమ్మేవాడికి విసుగొచ్చేదాకా ఏరుతాడు.