ప్రయాణికులు దిగి నడవవలెను

పెద్దరోడ్డు మీది ఏటి వంతెనను మా తాతగారే కట్టించారని మా ఇంట్లో చెప్పేవారు. నిజానికి ఆయన ఇచ్చింది ఇటుకలు మాత్రమే. ఆ తేడా నాకు తెలుసు, కానీ ఎవరి దగ్గరా ఒప్పుకునేవాణ్ణి కాదు. భూములన్నీ పోయాక ఆ వంతెన ఒక్కటే మా ఆస్తిలా మిగిలింది.

ఒక వరద దాని స్తంభాల కింది ఇసుకను కోసుకుపోయింది. కమానులు బీటలు వారాయి. ఇంజనీర్లు వచ్చి రెండు కొసలా బోర్డులు పాతారు: ‘బలహీనమైన వంతెన. ప్రయాణికులు దిగి నడవవలెను.’ జనం నడిచి దాటాక ఖాళీ బస్సు మెల్లగా వెళ్లేది. ‘బలహీనమైన’ అన్న మాట మా వంశాన్ని అన్నట్టే తోచి, దాన్ని ‘పురాతనమైన’ అని మార్చవలసిందిగా అర్జీ పెట్టాను. జవాబు రాలేదు.

ఒక వేసవిలో, తప్పనిసరై, కోట ఊరి నుంచి నెల్లూరు బస్సెక్కాను. ఇస్త్రీ చొక్కాతో ముందు సీట్లో కూర్చున్నాను. వంతెన రాగానే అందరూ దిగిపోయారు. నేను కదల్లేదు.

“దిగండయ్యా,” అన్నాడు డ్రైవరు.

“ఇది మా తాతగారు కట్టించిన వంతెన.”

“అట్టయితే ముందు మీరే దిగాల. ఇరిగితే ఆయన్ని గదా తిడతారు!”

బస్సు టాపు మీద రెండు చేపల గంపలున్నాయి. వాటి మనిషి, ఒక పెద్దామె, కిందే కాపలా నిలబడి ఉంది. ఎండ ముదరకముందే అవి నెల్లూరు మార్కెట్టుకు చేరాలి. ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది.

“అబ్బయ్యా, మీ తాత పేరు రేపు గూడా ఉంటాది. నా చేపలు ఉండవు.”

కండక్టరు పగలబడి నవ్వాడు. దిగాను. దయతో కాదు, ఆ నవ్వు భరించలేక.

ఆమె, నేను నడవసాగాం. వంతెన మధ్యలో, పిట్టగోడ బీటల మీద అడ్డంగా అద్దం ముక్కలు అతికించి ఉన్నాయి. పక్కనే ఒక మేస్త్రీ కూర్చున్నాడు.

“అలంకరణ బాగుంది,” అన్నాను గంభీరంగా.

“అందానికి కాదయ్యా. బీట పెద్దదైతే అద్దం ఇరుగుతాది. ఇది పొద్దునే పెట్టినాం.” చూపించబోయి, తానే నోరు వెళ్లబెట్టాడు. అద్దం రెండు ముక్కలై ఉంది. బీటలో వేలు పెడితే ఇటుక పొడిపొడిగా రాలింది. “ఇటుకలు ఎవురిచ్చినారో గానీ, సరింగా కాల్చలా!”

“ఎవరో కాంట్రాక్టరు,” అన్నాను వెంటనే.

మేస్త్రీ ఎర్రగుడ్డ ఊపుతూ బస్సుకు ఎదురు పరుగెత్తాడు. ఇక బస్సు దాటదు. తక్కిన ప్రయాణికులు ఎప్పుడో అవతలికి వెళ్లిపోయారు. ఆమె నన్నూ వెంటబెట్టుకుని వెనక్కి పోయి గంపలు దింపించింది. ఒకటి నెత్తిన పెట్టుకుని, రెండోదాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

నెత్తిన మోయడం నాకు చేతకాదు. గంపను రొమ్ముకు అదుముకుని నడిచాను. చేపల నీళ్లు చొక్కా మీదుగా పంచెలోకి దిగాయి. మూడుసార్లు ఆగాను. ఆగిన ప్రతిసారీ ఆమె, “ఎండ ఆగదబ్బయ్యా,” అంది.

అవతలి కొసన, ఇటుకలు దింపి నెల్లూరికి తిరిగి పోతున్న లారీ ఒకటి దొరికింది. గంపలు ఎక్కించాక డ్రైవరు నన్ను చూపించి, “ఈయన గూడా ఎక్కతాడా?” అని అడిగాడు.

“వద్దు నాయనా,” అంది ఆమె, గంపల మధ్య సర్దుకుని కూర్చుంటూ. “ఎక్కితే దిగడు.”