పెళ్ళికి వెళ్ళిన సేరు

నాకు కోపం తొందరగా రాదు. పొద్దున దీపం వెలిగించేటప్పుడు నిన్నటి రోజుకు ఒక దండం పెట్టుకోవడం మా తాత నేర్పిన అలవాటు. కొళాయిలో నీళ్ళు వచ్చిన రోజు నీళ్ళకు, వాన పడిన రోజు వానకు, ఏమీ జరగని రోజు ఏమీ జరగనందుకు. అట్లాంటిదాన్ని, గింజలు కొలిచే ఇత్తడి సేరు ఒకటి గుర్తుకొస్తే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. దేవుడు నా గురించి ఏమనుకుంటున్నాడో తెలియదు. అనుకోనీ. ఈ ఒక్క కోపాన్ని తీసేయమని మాత్రం నేను ఆయన్ను అడగలేదు.

తెలుగూ కన్నడమూ రెండూ మాట్లాడే మా చింతామణిలో, పాత మండీ వెనక సందులో, ఒకప్పుడు శనక్కాయ మూటలు వేసుకున్న గోడౌన్‌లో మా మ్యూజియం ఉంది. మాది అంటే ఊరివాళ్ళది. జీతాలు తీసుకునేవాళ్ళు ఎవరూ లేరు. ఊడ్చేదీ మేమే, తాళం తీసేదీ మేమే, వచ్చినవాళ్ళకు చూపించేదీ మేమే. చాకవేలు వైపు రైతు ఒకాయన, వాళ్ళ తాత ఎద్దులతో బావి నీళ్ళు తోడిన తోలు బాన ఇచ్చాడు. చిక్కబళ్ళాపురం నుంచి ఒకామె, పట్టుపురుగులు గూళ్ళు కట్టే వెదురు చంద్రిక తెచ్చి, "ఇంట్లో పెట్టుకుంటే మా ఆయన దానిమీద గుడ్డలు ఆరేస్తాండాడమ్మా" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

నెలకొక ఆదివారం అక్కడ ఏదో ఒక కార్యక్రమం జరిగేది. ఒకసారి రాగులు విసిరే రోజు పెట్టాం. విసుర్రాయికి అటొకరు ఇటొకరు కూర్చుని తిప్పుతుంటే, కాన్వెంటు పిల్లలు మాకూ మాకూ అని చేతులు పెట్టారు. ఆ పిండితోనే పెరట్లో ముద్ద కెలికి, బచ్చలాకు పులుసుతో అందరూ తిన్నారు. ఇంకోసారి ఎవరి అవ్వ ఫోటో వాళ్ళు తెచ్చుకోండి అన్నాం. ఫోటో లేని ఒక పెద్దాయన లేచి, వాళ్ళ అవ్వ ఎట్లా నవ్వేదో నవ్వి చూపించి కూర్చున్నాడు. ఆ రాత్రి దేవుడికి చాలాసేపు దండం పెట్టుకున్నాను, ఇట్లాంటి చోటు ఒకటి నాకు చూపించినందుకు.

నేను బడికి పోలేదు. మా ఇంట్లో ఆడపిల్లల్ని పంపలేదు. తాత పళ్ళెంలో బియ్యప్పిండి పోసి, నా వేలు పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించాడు. కన్నడం బస్సుల మీది బోర్డులూ, గోడ మీది క్యాలెండరూ నేర్పాయి. రాత గుండ్రంగా ఉంటుందని, వస్తువుల ముందు పెట్టే చీటీలు రెండు భాషల్లోనూ రాసే పని నాకిచ్చారు. గాజు బీరువా తాళంచెవి కూడా నా దగ్గరే ఉండేది.

ఆ పని నాకిచ్చింది మ్యూజియం నడిపే మా సమితి అధ్యక్షుడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆ గోడౌన్‌లో ఎలుక బొరియలు తన చేత్తో సిమెంటు పెట్టి మూసినవాడు. ఆయన లేకపోతే మ్యూజియం లేదు. ఆ ఋణం మరిచిపోయి రాయడం లేదు. మరిచిపోలేకపోవడం వల్లే కోపం ఇంకా ఎక్కువ.

ఇక సేరు సంగతి. కైవారం దారిలోని ఒక ఊరి నుంచి ఒక అవ్వ ఒకరోజు దాన్ని చీరకొంగులో చుట్టుకుని వచ్చింది. మందమైన ఇత్తడి. అంచు కింద రెండు గీతలు. చేతులు తగిలి తగిలి ఒక పక్క నున్నగా అయింది.

"పాతసామాన్లోడు వాకిట్లో నిలబడుకోని ఉండాడు తల్లీ. దీనికి రెండు ప్లాస్టిక్ బిందెలిస్తాడంట. మా చిన్నకోడలు అప్పుడే బిందెల రంగు గూడా చూసుకుంటాండాది. అందుకే ఎత్తుకోని వచ్చేసినా."

"ఇందులో ఏం కొలిచేవాళ్ళవ్వా?" అని అడిగాను.

"కొలిచేది యాడమ్మా. ఇది కోడండ్ల సేరు. మా ఇంట్లోకి వచ్చిన కోడండ్లంతా దీన్ని తన్నే వచ్చినారు. నేనూ తన్నినా. ఆ బిందెల కోడలు గూడా తన్నే వచ్చె."

మా వైపు పెళ్ళయి కొత్తకోడలు అత్తగారింటికి వచ్చినప్పుడు, గడప మీద సేరు నిండా బియ్యం పోసి, పైన బెల్లంముక్క పెడతారు. ఆ పిల్ల కుడికాలి బొటనవేలితో దాన్ని మెల్లగా ఒరిగిస్తుంది. తన్నడం అంటాం కానీ అది తన్నడం కాదు. బియ్యం ఇంట్లోకి పడాలి. వాటి వెనక పిల్ల నడిచి రావాలి. ఆమెతో పాటు నిండుతనం వస్తుందని నమ్మకం. అందుకే ఆ సేరు వట్టిది పెట్టకూడదు, బయటికి ఒరగకూడదు. ఈ రెండు మాటలూ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అవ్వ ఒక్కటే అడిగింది. "ఇంగ నా మనవడొకడే ఉండాడు పెండ్లికి. ఆ పొద్దు నాకియ్యాల. మళ్ళ నేనే తెచ్చిస్తా."

ఆ రోజు అక్కడ చాలామంది ఉన్నారు. అధ్యక్షుడు రెండు చేతులూ జోడించి, "మీ సొత్తే గదవ్వా, ఎప్పుడు కావాలన్నా తీసుకోని పోండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అవ్వ మాత్రం ఆయన వైపు కాదు, నా వైపు చూసింది. "నేనుండాను కదవ్వా" అన్నాను.

తర్వాతి ఏడాది మ్యూజియం వార్షికోత్సవం వచ్చింది. పెద్ద పెద్ద అతిథులు వస్తున్నారని పెరట్లో షామియానా, వేదిక వేశారు. "మన సీమ పెళ్ళి" అని కార్యక్రమం. కాలేజీ అమ్మాయిని ఒకతెను పెళ్ళికూతురుగా ముస్తాబు చేశారు. గాజు బీరువాలోంచి సేరు తీసిమ్మన్నారు. సంతోషంగానే తీసిచ్చాను. బియ్యం కూడా ఇంటి నుంచి తెచ్చాను. "వద్దమ్మా, తివాచీ మీద పడితే చీమలొస్తాయి" అని ఒకాయన దాంట్లో థర్మోకోల్ గుండ్లు నింపాడు. దూరానికి బియ్యంలాగే కనబడతాయట.

సరిగ్గా ఆ ఆదివారమే అవ్వ కైవారం బస్సు దిగి వచ్చింది. చేతిసంచిలో సేరు చుట్టుకుపోవడానికి ఉతికిన పంచెముక్క, నాలుగు మూలలా పసుపు పెట్టిన పెళ్ళిపత్రిక. పెళ్ళి గురువారం. అధ్యక్షుడు పత్రిక కళ్ళకద్దుకుని, "కార్యక్రమం కానియ్యవ్వా, మాట్లాడదాం" అన్నాడు. ఆమెను తీసుకెళ్ళి లౌడ్‌స్పీకర్ డబ్బా వెనక కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు వరుసలు అతిథులకట. ఆ సేరు ఇచ్చిన మనిషికి దాన్ని చూడడానికి చోటు లేదు! ఆమె లేచి నిలబడి, డబ్బా పక్క నుంచి మెడ చాచి చూసింది. నేనూ ఆమె పక్కనే నిలబడ్డాను.

వేదిక మీద చెక్కతో చేసిన ద్వారబంధం పెట్టారు. పెళ్ళికూతురు ముఖం ఫోటోల్లో పడాలి కదా. అందుకని ఆమెను ద్వారం లోపలి వైపు నిలబెట్టి, జనం వైపుకు తన్నమన్నారు.

"ఏమమ్మా అది!" అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బయటికి తన్నిస్తాండారే!"

నేను వేదిక వైపు నడిచేలోపు ఆ అమ్మాయి తన్నేసింది. పాపం, ఆమెకు ఎవరూ చెప్పలేదు. బంతిని తన్నినట్టు తన్నింది. థర్మోకోల్ గుండ్లు గాలిలోకి లేచి అతిథుల తలల మీద వాలాయి. సేరు ఠంగుమని వేదిక అంచుకు కొట్టుకుని, కిందపడి, దొర్లుకుంటూ మొదటి వరుస బూట్ల దగ్గర ఆగింది. అందరూ నవ్వారు. "గోల్!" అని ఎవరో అరిచారు. మళ్ళీ చప్పట్లు. మాట ఇచ్చినప్పుడు కొట్టిన చప్పట్లు కూడా ఇట్లాంటివేనని నాకు అప్పుడు అర్థమైంది.

ఎవరో సేరు తుడిచి తెచ్చి నాకిచ్చారు. అంచు దగ్గర సొట్ట పడింది. బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. వేశాను. తర్వాత అవ్వను వెంటబెట్టుకుని అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళాను.

"అవ్వా, ఇప్పుడిది ఊరి సొత్తు. బయటికి పంపే నియమం లేదు" అన్నాడు.

"ఊరి సొత్తయితే నేను ఊరిదాన్ని గానా అప్పా?"

"అట్లా గాదు. సమితి ఒప్పుకోవాల. సభ వచ్చే నెల ఉండాది."

"పెండ్లి గురువారమప్పా. మీ సభ అయ్యేదాకా పెండ్లికూతురు గడప బయటే నిలబడుకోవాల్నా?"

ఆయనకు అప్పుడే ఒక ఆలోచన తట్టినట్టుంది. ముఖం వెలిగిపోయింది. "ఒక పని చేద్దామవ్వా. పెండ్లికూతుర్ని ఇక్కడికే పిలుచుకోని రాండి. టీవీ వాళ్ళకి నేను చెప్తా. మన మ్యూజియం గడప మీదనే తన్నిద్దాం. నిజమైన పెండ్లి, నిజమైన సేరు! ఎంత బాగుంటాది!"

అవ్వ ఆయన్ను కాసేపు పైకీ కిందికీ చూసింది. "మీ గడప దాటితే ఆ బిడ్డ మీ కోడలైతాది గదప్పా. మీ కొడుక్కి కావాల్సింటే ముందే అడగాల్సింది. మా వాడికి వేరే సంబంధం చూసుకునేవాళ్ళం."

పక్కనున్నవాళ్ళు నవ్వు దాచుకున్నారు. నాకు నవ్వు రాలేదు. "సార్, అందరి ముందు మీరు మాటిచ్చారు" అన్నాను.

"అది మర్యాదకి అనేదమ్మా. మ్యూజియం పద్ధతులు చదువుకున్నోళ్ళకి తెలుస్తాయి. ఇంట్లో పూజ చేసుకునే మాదిరి గాదు" అని, అతిథులు పిలుస్తున్నారని భోజనాలకు వెళ్ళిపోయాడు.

మర్యాదకి అనే మాట! మా తాత పిండిలో అక్షరాలు దిద్దించేటప్పుడు, నోటి నుంచి వచ్చిన మాటకూ దేవుడి ముందు పెట్టిన దీపానికీ తేడా లేదని చెప్పాడు. రెండూ వెలిగించినవాళ్ళే కాపాడుకోవాలి. కాలేజీల్లో వేరే చెప్తారేమో నాకు తెలియదు. ఒక ఇంటి ఆచారాన్ని తెచ్చి, దాని నిండా థర్మోకోల్ పోసి, తిరగేసి తన్నించి, ఆ ఇంటికే ఇవ్వనంటే దాన్ని కాపాడటం అంటారా? పాతసామాన్లవాడే నయం. కనీసం బిందెలైనా ఇస్తానన్నాడు.

నడుముకున్న తాళంచెవి తీశాను. పట్టపగలు, భోజనాల వరుసలో నిలబడ్డవాళ్ళు చూస్తుండగానే బీరువా తెరిచాను. ఎవరూ వద్దనలేదు. ఒకామె మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు అడ్డం రాకుండా పట్టుకుంది కూడా. సేరు లోపల రెండు మూడు గుండ్లు అతుక్కుని ఉన్నాయి. కొంగుతో తుడిచి, నేను తెచ్చిన బియ్యంలోంచి ఒక గుప్పెడు వేసి, అవ్వ ఒడిలో పెట్టాను. ఖాళీ చోట్లో ఒక చీటీ రాసి పెట్టాను, ఎప్పటిలాగే రెండు భాషల్లో: "పెళ్ళికి వెళ్ళింది."

గురువారం నేనూ వెళ్ళాను. అవ్వ సొట్ట కనబడకుండా సేరును ద్వారబంధం వైపుకు తిప్పి గడప మీద పెట్టింది. పెళ్ళికూతురు బక్కపల్చటి పిల్ల. గడప ముందు నిలబడి భయంగా అడిగింది. "గట్టిగా తన్నాల్నా అవ్వా?"

"తన్నొద్దు బిడ్డా. రొవంత తట్టు, చాలు. నిద్ర లేపినట్ల."

ఆ పిల్ల వేలు తగిలించింది. సేరు ఒక్క క్షణం ఆగి, లోపలికి ఒరిగింది. బియ్యం చాప మీదుగా జారి దేవుడి మూల దాకా పోయాయి. బెల్లంముక్క ఎటు పోయిందో, పిల్లలు వెతుక్కుని తినేశారు. బిందెల కోడలే ముందుగా వంగి బియ్యం ఎత్తింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దేవుడా, చాలు అనుకున్నాను.

మరునాడు సమితి నుంచి ఒకాయన వచ్చి తాళంచెవి అడిగాడు. ఇచ్చేశాను. నేను చేసింది దొంగతనమని అధ్యక్షుడు అన్నాడట. అననీ. చీటీ రాసిపెట్టి దొంగతనం చేసేవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా?

ఆ వారంలోనే అవ్వ మా ఇంటికి వచ్చింది. పంచెముక్క విప్పితే లోపల సేరు, దాని నిండా బియ్యం. "మళ్ళ తెచ్చిస్తానంటి గదా తల్లీ. తెచ్చినా. నువ్వే ఆడ పెట్టేసెయ్."

ఆమె మాట నిలబెట్టుకుంది. మర్యాదకి కాదు. "ఆడికి నేను పంపనవ్వా. ఇంటికి తీసుకుపో" అన్నాను.

"ఇంటికా? ఆ పాతసామాన్లోడు ఇంగా మా వీధిలోనే తిరుగుతాండాడు. నా కండ్లుండేదాకా సరే, ఆపైన?"

ఆమె ఇంట్లో దానికి భద్రం లేదు, మ్యూజియంలో దానికి గౌరవం లేదు. కాపాడటానికని ఊరంతా కలిసి ఒక చోటు కట్టుకుని, చివరికి ఒక సేరుకు చోటు లేకుండా చేసుకున్నాం కదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే లేచి, దాన్ని తీసుకెళ్ళి మా దేవుడి మూలలో, దీపం పక్కన పెట్టాను. "ఇది మీదే. మీ ఇంట్లో మళ్ళీ పెళ్ళంటే, మునిమనవడిదైనా సరే, వచ్చి తీసుకో" అన్నాను. అవ్వ దానికీ, దీపానికీ కలిపి ఒకే దండం పెట్టి బస్సుకు వెళ్ళిపోయింది.

మ్యూజియానికి నేనిప్పటికీ వెళ్తాను. కార్యక్రమాలప్పుడు లౌడ్‌స్పీకర్ డబ్బా వెనక కూర్చుంటాను. నా చీటీ ఎవరూ తీయలేదు. బడిపిల్లలు దాన్ని చదివి, "ఎవరి పెండ్లికి? ఇంగా రాలేదా?" అని అడుగుతుంటే, చూపించేవాళ్ళు తలలు గోక్కుంటారు.

ఈ మధ్య మళ్ళీ ఏదో ఉత్సవం ఉందట. సేరు మా ఇంట్లో ఉందని తెలిసి, వేదిక మీదికి కావాలని అధ్యక్షుడు మనిషిని పంపాడు. ఆ మనిషికి కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాను. దేవుడి మూలలో నిండుగా ఉన్న సేరును చూపించాను కూడా.

"తీసుకోని రమ్మన్నారక్కా" అన్నాడు.

"పెళ్ళి ఎవరింట్లోనో కనుక్కుని రా అప్పా" అన్నాను.