హాకా కొట్టిన రోజు

నా చిన్నప్పుడు మా బడి తుపాకుల చప్పుళ్ల మధ్యే నడిచింది. రాజ్యం ఎవరిదో తేలని రోజులవి. ఫలానా ఊళ్లో ఇళ్లు తగలబెట్టారని ఒకరోజు, ఫలానావాణ్ణి బాట మీద కొట్టి చంపారని మరోరోజు కబురొచ్చేది. పెద్దవాళ్లు గడప దాటడానికి జంకుతుంటే, మా పంతులుగారు మాత్రం మమ్మల్ని చెరువుకు తీసుకుపోయి కొంగల గూళ్లు చూపిస్తానన్నారు.

ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోటే ఆ చెరువుండేది. నీళ్ల నడుమ తుమ్మచెట్ల నిండా గూళ్లు, గూళ్లలో రెక్కలు రాని పిల్లలు. చెరువు మాత్రం మా ఊరి దొర తన షికారుకని దాచుకున్నది. ఆయన ఇంటి మనుషులు వేటకొస్తే ఊరివాళ్లు కూలీ లేకుండా హాకా కొట్టాలి. అంటే అవతలి ఒడ్డున డబ్బాలు మోగించి, పిట్టలను లేపి, ఇవతలి కట్ట మీద తుపాకులున్న వైపు తోలాలి.

మేము కట్ట మీద నిలబడి గూళ్లు చూస్తుండగానే దొర కొడుకు మోటారు వచ్చింది. దిగీదిగగానే, తుపాకీ సరిగ్గా పేలుతుందో లేదో చూడడానికి, కట్ట కింద మేస్తున్న కొంగను కాల్చాడు. అది చావలేదు. ఒంటి రెక్కతో నేల మీద కొట్టుకుంటుంటే కుక్క పోయి మెడ పట్టి విదిలించింది. నా పక్కనున్న పిల్ల భయంతో లంగా తడుపుకుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

అతని వెంట వచ్చిన జవాను మా ముందు ఖాళీ నూనె డబ్బాలు విసిరేశాడు.

“ఏ పంతులూ, ఊర్ల జనం ఒక్కడు దొర్కలే. గీ పోరగాండ్లతోని హాకా కొట్టియ్యి. జల్ది!”

కాదంటే మా వీపులు పగులుతాయి. సరేనంటే తల్లికొంగలు చచ్చి, గూళ్లలో పిల్లలు ఆకలికి మాడిపోతాయి. పంతులుగారు చేతులు కట్టుకుని “అట్లనే” అన్నారు. ఆ క్షణాన నాకు ఆయనంటే అసహ్యం వేసింది.

దొర కొడుకు మోటారు దగ్గర చాయ్ తాగుతున్నాడు. తుపాకీలో మళ్లీ తూటాలు నింపలేదు. పంతులుగారు మమ్మల్ని అవతలి ఒడ్డుకు నడిపించలేదు. ఉన్నచోటనే డబ్బా ఎత్తి, “కొట్టుండ్రి బిడ్డా, చేతులు పడిపోయేదాంక కొట్టుండ్రి!” అని అరిచారు. కొట్టాం. నా డబ్బా సొట్టలు పడిపోయింది. కొంగలన్నీ గుంపుగా లేచి, కట్టకు వీపు తిప్పి, అవతలి గుట్టల మీదుగా వెళ్లిపోయాయి. దొర కొడుకు పరుగున వచ్చి కాల్చేసరికి ఒక్కటి కూడా అందే దూరంలో లేదు.

“మీరే కొట్టమన్నరు గద దొరా. ఏ ఒడ్డుకెల్లి కొట్టాల్నో బడి పంతులును, నాకేం ఎరుక?” అన్నారు పంతులుగారు, ఏమీ తెలియనట్టు.

జవాను తుపాకీ తిరగేసి ఆయన మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు మాకందరికీ వినిపించింది. కిందపడ్డాక బూటుతో మూతి మీద తన్నాడు. నేను రాయి ఎత్తాను. నెత్తురు నోటితోనే పంతులుగారు “కింద పడెయ్!” అని కసిరారు. పడేశాను. వాళ్ల కసి తీరి, ఎండ ముదిరాక మోటారు వెళ్లిపోయింది. అది కనుమరుగయ్యాక కొంగలు ఒక్కొక్కటే గూళ్లకు తిరిగొచ్చాయి.

“వాళ్లు మల్ల వస్తరు గద పంతులుగారూ?” అని అడిగాను.

“వస్తరు బిడ్డా. గప్పటికి పిల్లలకు రెక్కలొస్తయ్.”

వాళ్లు మళ్లీ వచ్చారు. పిట్టలను చంపారు కూడా. కానీ అప్పటికి గూళ్లు ఖాళీ అయ్యాయి, పిల్లలు ఎగరడం నేర్చుకుని వెళ్లిపోయాయి. పంతులుగారి చెయ్యి మాత్రం మరి చక్కబడలేదు. మాకు ఎడమచేత్తోనే అక్షరాలు దిద్దించారు.

ఎవరైనా బలం చూపించి మీదికొస్తే, కొన్నాళ్లైనా ఆపగలనా అని ఇప్పటికీ ముందు అదే చూసుకుంటాను. గెలుపు సంగతి తర్వాత. ఆ జవాను మీద కోపమంటారా, ఇంత వయసొచ్చినా చల్లారలేదు. చల్లార్చుకోమని పంతులుగారు కూడా నాకెన్నడూ చెప్పలేదు.