కేళీలు ఏరిన మడి

వరిమడిలో వేసిన రకంతో కలవకుండా పొడుగ్గానో, గింజ రంగు మారో వచ్చే దుబ్బుల్ని మా ఇందుకూరుపేట పక్క కేళీలు అంటారు. వాటిని ఏరిపారేయడంలో నన్ను మించినవాళ్లు లేరు. నా మడి దువ్వినట్టు ఉండేది. యాభై దాటాక అక్షరాలు నేర్చుకుని నేను మొదట రాసింది నా విత్తనాల బస్తా మీదే: కల్తీ లేనిది.

పక్క మడి నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలిది. నడుం నొప్పని ఆమె కేళీలు ఏరేది కాదు. ఎర్ర గింజ దుబ్బులు జానెడు పైకి లేచి ఉండేవి. గట్టు మీద నిలబడి నేను నవ్వేదాన్ని.

ఒక ఏడు తుపానుకు ఉప్పుకాలువ పొంగి రెండు మళ్లలోనూ నీళ్లు నిలిచాయి. నా మడి వారంలో ఎండిపోయింది. ఒక్క దుబ్బూ మిగల్లేదు. అంత సమంగా ఎండిన మడిని నేనెక్కడా చూడలేదు. రొయ్యల గుంట తవ్విద్దామన్నాడు మా ఆయన. తవ్వితే అది మళ్లీ మడి కాదు. వచ్చే ఏటికి ఒక్క మూలైనా వరి పండితే ఆగుతానన్నాడు.

అక్క మడి కూడా పోయింది. కానీ అక్కడొకటి ఇక్కడొకటి పాతిక దుబ్బులు పచ్చగా నిలిచి వెన్ను వేశాయి. అన్నీ ఎర్రవే. కొడవలి తీసుకుని వెళ్లాను.

"ఏంది మే, మళ్లా ఏరేదానికి వచ్చినావా?" అంది.

"లేదక్కా. ఇత్తనానికి కావాల."

"నువ్వే కోసుకో. నాకు నడుం నొప్పి."

మరుసటి ఏడు ఆ గింజల్ని ఉప్పు ఎక్కువున్న మూలలో నాటాను. కొన్ని చచ్చాయి. బతికిన వాటి గింజే దాచాను. మూల పండింది. గుంట మాట ఆగింది.

ఇప్పుడు మడి అంతా అదే. పొడుగు, ఎరుపు, గాలికి పడిపోతుంది. ఉప్పుకు తట్టుకునే పొట్టి తెల్ల రకం కావాలని ఎంతో వెతికాను. విత్తనంలో లేనిదాన్ని ఉప్పు మాత్రం ఎక్కడినుంచి ఏరి ఇస్తుంది? ఉన్నవాటిలో ఎర్రవి తట్టుకున్నాయి, మడి ఎర్రగా మారింది. ఎర్రన్నం తినలేనంటాడు మా ఆయన. తింటాడు.

నిరుడు ఒక పొట్టి దుబ్బు కనబడింది. అలవాటుగా చెయ్యి దాని మొదలు దాకా పోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని గట్టెక్కాను.