పిల్ల జింక ఎరుపు

ఈ బరువు మోస్తున్నానని మా ఆయనకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు ఇది రాయగలుగుతున్నాను.

ఎమర్జెన్సీ నాటికి నేను నందిగామలో బీఏ చదువుతున్నాను. మా హిస్టరీ మాస్టారు ఒకసారి మమ్మల్ని జగ్గయ్యపేట అవతల ఒక గుట్టకు తీసుకెళ్ళారు. చూరులా ముందుకు వంగిన బండ కింద ఎర్రరంగుతో గీసిన జింక, దాని పొట్ట దగ్గర పిల్ల జింక. రాయడం తెలియని కాలపు మనుషులు గీసినవి. తాకొద్దన్నారు మాస్టారు. బాగా కనపడాలని నీళ్ళు చల్లొద్దన్నారు. చెయ్యి చాపిన స్నేహితురాళ్ళను నేనే వెనక్కి లాగాను. అప్పట్నించి ఆయన నన్ను పోలీసు అని పిలిచేవారు. ఎండకీ వానకీ ఇన్ని వేల ఏళ్ళుగా చావని రంగు ఇది అన్నారు దిగేటప్పుడు.

పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాను. బాబు పుట్టాడు. నాలుగో నెలలో మూర్ఛలు మొదలయ్యాయి. విజయవాడ డాక్టరు మందులిచ్చి, చూద్దామన్నాడు. ఒళ్ళో పిల్లవాడు బిగుసుకుపోతుంటే ఏం చూడను? అత్తగారు తాయెత్తు కడతానంటే చదువుకున్నదాన్ని, వద్దన్నాను. కానీ మాస్టారి మాట ఒకటి నన్ను పట్టుకుంది. చావని రంగు పెడితే నా బిడ్డ కూడా చావడు. నిజంగా నమ్మానా? ఇప్పటికీ తెలియదు.

పుట్టింటికని చెప్పి బాబుతో గుట్టకు వెళ్ళాను. మేకలు కాసుకునే ఒకామె ఆ చూరు నీడన కూర్చుని ఉంది. నన్నేమీ అడగకుండా బాబును అందుకుని ఆడించింది. నేను గాజుకున్న పిన్నీసు తీసి పిల్ల జింకను గీకాను. తల్లిని ముట్టుకోలేదు. బిడ్డకు బిడ్డ రంగే పనిచేస్తుందని ఏదో పిచ్చి లెక్క. రాలిన కాస్త పొడి బాబు నుదుట అద్దాను.

ఆ నెలలోనే వాడు పోయాడు.

మరుసటి ఏడు నందిగామ బస్టాండులో మాస్టారు కనిపించారు.

"ఏమ్మా పోలీసూ, అంత చిక్కిపోయావేం?"

"బానే ఉన్నానండి."

"మొన్న మన గుట్టకెళ్ళొచ్చా. పిల్ల జింక లేదమ్మా. గీకిపారేశారు."

"ఎవరండీ?"

"ఇంకెవరు, ఆ మేకలోళ్ళు. చూరు కిందికి రాకుండా కంచె వేయించేశా. నువ్వుంటే ఊరుకునేదానివా?"

"ఊరుకోనండి," అన్నా.

ఆయన బస్సెక్కారు. అది కదిలేదాకా చెప్పడానికి సమయం ఉంది. చెప్పలేదు. నా బిడ్డను ఎత్తుకున్నామెకు గీకిందెవరో తెలుసు. నా పేరు తెలియక ఊరుకుందా, చెప్పినా ఎవరూ వినలేదా? రోహిణి ఎండల్లో ఆమె ఇప్పుడు ఎక్కడ కూర్చుంటుంది?

ఇప్పుడు పాప ఉంది. దాని ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. బాబు పోవడం నాకు శిక్ష అనుకోను. అలా అనుకుంటే నా తప్పు వాడి నెత్తిన పెట్టినట్టవుతుంది. వాడి కోసం ఇల్లంతా నాతో కలిసి ఏడ్చింది. ఆ బొమ్మ కోసం ఒక్కరి ముందైనా ఏడవలేకపోయాను. మాస్టారు ఇంకా ఉన్నారు, ఇల్లు కూడా తెలుసు. వెళ్తానని మీకు మాటివ్వలేను.

గీకింది నేను.

ఇంత చిన్న వాక్యమా ఇది. రాశాక ఊపిరి కొంచెం లోపలికి దిగుతోంది.